కొరియా పడుగు... మన పేక!

పెనుకొండ అనగానే మీకేం గుర్తుకొస్తుంది? చరిత్ర పాఠాలు బుద్ధిగా చదివినవాళ్ళయితే, 1565లో తళ్ళికోట యుద్ధం ఓడిపోయాక విజయనగర రాజులు తరలివచ్చిన కోట అంటారు. బెంగుళూరు బస్సెక్కేవాళ్ళయితే హైవేలో కనిపించే కొండ అంటారు. మాబోటి సినిమా జీవులకు మాత్రం ఇప్పుడు పెనుకొండ అంటే కొరియా!

నవ్వకండి. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో కార్లు బయటికి రావడం మొదలైంది గదా! కార్లకంటే ముందే కొరియా ఇంజనీర్లు వచ్చారు. వాళ్ళ వెనకే వాళ్ళ భోజనశాలలు, వాటిమీద కొరియా అక్షరాల బోర్డులు. వేరుశనగ చేల పక్కన ఆ సున్నలూ గీతలూ చూసి మొదట్లో జనం తెల్లబోయారు. ఇప్పుడెవరూ తల తిప్పి కూడా చూడరు. అలవాటైపోయింది.

నేను వుండేది హిందూపురంలో. ఎన్టీఆర్‌ని మూడుసార్లు, బాలకృష్ణని మూడుసార్లు అసెంబ్లీకి గెలిపించిన వూళ్ళో వుంటూ సినిమాల గురించి రాయకుండా వుండటం ఎవరి తరం? పత్రికలకు వ్యాసాలు రాసుకుంటూ కాలక్షేపం చేస్తున్నాను. మా అమ్మ వుండేది ధర్మవరంలో, మా పాత ఇంట్లో, పాత మగ్గం పక్కన. హిందూపురంలో రైలెక్కితే మధ్యలో పెనుకొండ, ఆపైన ధర్మవరం. అంటే, అమ్మ దగ్గరికి వెళ్ళాలంటే నేను ప్రతిసారీ కొరియా దాటుకుని వెళ్ళాలన్నమాట!

ఆ రైల్లోనే పరిచయమైంది ఒకమ్మాయి. పెనుకొండ పక్కన విడిభాగాలు చేసే ఒక కంపెనీలో లెక్కలు చూస్తుంది. కొరియా సీరియళ్ళు చూసీ చూసీ పది పాతిక మాటలు కూడా నేర్చేసింది. "అక్కా, కొరియావాళ్ళకీ మనలాగే పెద్దవాళ్ళతో ఒక మాట, చిన్నవాళ్ళతో ఒక మాట వుంటుంది. పరాయివాళ్ళని కూడా అక్కా, అత్తా అన్నట్టే పిలుస్తారు. ఇంగ్లీషు సబ్ టైటిల్లో అదంతా కొట్టుకుపోతుంది. అన్నిటికీ 'యూ' అనేస్తాడు" అన్నది. ఆ పిల్లే నాకు ఒక పని అప్పజెప్పింది. "మనవాళ్ళు 'ఫ్లవర్ ఆఫ్ ఈవిల్'ని హిందీలో 'దురంగా' అని తీశారు గదా, రెండూ పక్కపక్కన పెట్టి చూసి రాయండక్కా" అని.

సరే, చూశాను. ఒక్కదాన్నే కాదు, అమ్మతో కలిసి చూశాను. అక్కడే అసలు సంగతంతా జరిగింది.

ఇంతకీ కథేమిటి?

చూడనివాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. సస్పెన్స్ విప్పను లెండి, భయపడకండి!

ఒక భర్త. పద్ధెనిమిదేళ్ళ కిందట జరిగిన వరుస హత్యల్లో నేరస్తుడికి కొడుకు. వూరంతా అతణ్ణి కూడా హంతకుడనే నమ్మింది. అతను పేరు మార్చుకుని, మరొకరి కొడుకుగా బతుకుతున్నాడు. పెళ్ళి చేసుకున్నాడు. బంగారంలాంటి కూతురు. వంట తనే చేస్తాడు, పాపని తనే చూసుకుంటాడు. మరి భార్య ఎవరనుకున్నారు? పోలీసు డిటెక్టివ్! ఆ పాత కేసు తిరిగి తిరిగి ఆమె బల్లమీదికే వస్తుంది. ఇంట్లో వున్న మనిషినే ఆమె వూరంతా వెతుకుతూ వుంటుంది. మధ్యలో ఒక పత్రికా విలేకరి అతని గుట్టు కనిపెట్టి నేలమాళిగలో బందీ అవుతాడు. మా వృత్తివాళ్ళకి ఎక్కడైనా ఇదే గతి!

మాతృక 2020 జూలై నుంచి సెప్టెంబరు దాకా కొరియాలో టీవీఎన్ చానెల్లో వారానికి రెండు రోజుల చొప్పున వచ్చింది. భర్తగా లీ జూన్ గీ, భార్యగా మూన్ ఛే వన్. మన 'దురంగా' 2022 ఆగస్టులో జీ5లో విడుదలైంది. గుల్షన్ దేవయ్య, ద్రష్టి ధామీ నాయికానాయకులు. 'పరిణీత' తీసిన ప్రదీప్ సర్కార్, ఐజాజ్ ఖాన్ దర్శకులు. రెండో భాగం 2023 అక్టోబరులో వచ్చింది. అది వచ్చేనాటికి ప్రదీప్ సర్కార్ లేరు. ఆ ఏడాది మార్చిలోనే కన్నుమూశారు.

ఒక మాట ముందే చెప్పాలి. హక్కులు కొనుక్కుని, ఫలానా కథ అని ఒప్పుకుని తీశారు. ఒకప్పుడు పరాయి దేశాల కథల్ని ఎత్తుకొచ్చి, ఎవరైనా అడిగితే 'స్ఫూర్తి' అని సరిపెట్టేవాళ్ళు. ఆ రోజులతో పోలిస్తే ఇది మర్యాద.

పదహారు... తొమ్మిది!

పోలిక మొదలుపెట్టగానే తగిలేది లెక్క. కొరియాలో పదహారు భాగాలు, ఒక్కొక్కటీ గంటకు పైనే. మనవాళ్ళు మొదటి విడతలో తొమ్మిది భాగాలు తీశారు, ఒక్కొక్కటీ అరగంట పైచిలుకు. కథ సగంలో ఆపి, మిగతా సగానికి పద్నాలుగు నెలలు కూర్చోబెట్టారు. రెండు విడతలూ కలిపినా నిడివిలో మాతృక దరిదాపులకు రాదు.

అయితే ఏం? తక్కువైతే వేగం పెరుగుతుంది గదా అంటారా? నిజమే. హత్య, పరుగు, అనుమానం, మళ్ళీ పరుగు... ఈ వరస 'దురంగా'లో చకచకా సాగింది. విసుగు పుట్టదు. కానీ ఈ కథ హత్యల కథ కాదండీ! ఒక పెళ్ళి కథ. హత్యలు దానికి కట్టిన అంచు మాత్రమే. కొరియావాళ్ళు ఆ పెళ్ళిని చూపించడానికి తీరిక తీసుకున్నారు. అతను పాపకి జడ వెయ్యడం, ఆమె డ్యూటీ నుంచి అలిసిపోయి రావడం, ఇద్దరూ ఒక చిన్న సంగతికి నవ్వుకోవడం... అవి కథని ముందుకు నడపవు. కానీ అవి లేకపోతే, ఆ ఇల్లు కూలబోతోందని తెలిసినప్పుడు మన గుండె ఎందుకు కొట్టుకుంటుంది?

నటీనటుల విషయానికొస్తే మనవాళ్ళకి అన్యాయం చెయ్యకూడదు. గుల్షన్ దేవయ్య మన పక్కనున్న బెంగుళూరు మనిషే. కళ్ళలో ఏమీ పలకనివ్వకుండా నిలబడటం చాలా కష్టం, అది సాధించాడు. సీరియళ్ళతో ఇంటింటికీ తెలిసిన ద్రష్టి ధామీ పోలీసు పాత్రలో హుందాగా వుంది. లోపం వాళ్ళలో లేదు. వాళ్ళకిచ్చిన గడియారంలో వుంది!

అమ్మకు చెప్పిన కథ

మా అమ్మకు కొరియా రాదు, ఇంగ్లీషు రాదు, హిందీ అంతంత మాత్రం. కాబట్టి నేను పక్కన కూర్చుని చెబుతూ పోవాలి. "వాడేమంటున్నాడే?" "వాళ్ళమ్మతో అబద్ధం చెబుతున్నాడమ్మా." "వాళ్ళమ్మ కాదంటివి గదా?" ఇలా. నేను సబ్ టైటిల్ని ధర్మవరం మాటల్లోకి మార్చి చెబుతుంటే, కొరియా కథ మా నడవలోకి వచ్చి కూచున్నట్టుండేది. ఆలోచిస్తే మూడో రీమేక్ నేనే తీశాను!

మాతృక మొదట్లో ఒక ఘట్టం వుంది. తనకు అందరిలా భావాలు లేవని ఆ భర్త నమ్మకం. అందుకని అద్దం ముందు నిలబడి, వీడియోలో మనుషుల ముఖాలు చూస్తూ, సంతోషం అంటే ఇలా, దుఃఖం అంటే ఇలా అని సాధన చేస్తాడు. పెదాలు ఎంత సాగాలో, కళ్ళు ఎంత ముడవాలో నేర్చుకుంటాడు. నేను వివరించబోయాను. అమ్మ చేత్తో ఆపింది.

"చెప్పొద్దులే పాపా, తెలస్తాంది. నవ్వేది నేర్చుకుంటాండాడు."

కాసేపాగి, కండె చుట్టే చెయ్యి ఆపకుండానే అన్నది.

"మీ నాయన కూడా ఒకతూరి నేర్చుకున్నాడు."

మా నాన్న పోయి ఆరేళ్ళయింది. మగ్గం మీద పుట్టి మగ్గం మీదే పెరిగిన మనిషి. నాకు పదేళ్ళప్పుడు ఆయన ఒకచోట అప్పు చేశాడట. చీరలకు గిరాకీ పడిపోయి, పట్టు ధర పెరిగి, తీసుకున్న డబ్బుకు వడ్డీ కూడా కట్టలేక రెండేళ్ళు నలిగాడట. ఇంట్లో ఒక్కమాట చెప్పలేదు. ఈ సంగతి నాకు ఇన్నాళ్ళూ తెలీదు. ఒక కొరియా సీరియల్ చూస్తుంటే తెలిసింది!

"నీకెట్ల తెలిసిందమ్మా?" అన్నాను.

"చారు బాగుంది అన్యాడు."

"అంటే?"

"యానాడన్నా అన్యాడా ఆ మనిషి? పన్నెండేండ్లు నా చేతి చారు తాగి ఒక్కనాడు బాగుంది అనలా. ఆ నెలలో దినామూ అనబట్నాడు. అన్నాక ఇట్ల నవ్వేవాడు. వచ్చీరాని నవ్వు. అప్పుడే అనుకుంటి, ఈన ఏందో మింగినాడు అని."

వాకబు చేస్తే విషయం బయటపడిందట. మరి అడిగావా అన్నాను. అడగలేదు. సాయంత్రాలు పక్కవీధిలో ముచ్చట్లకు పోతున్నానని చెప్పి, ఇంకొకరి ఇంట్లో కండెలు చుట్టి, ఆ డబ్బు తెచ్చి ఇంటి ఖర్చులో కలిపేదట. ఖర్చు తగ్గినట్టు కనిపిస్తే ఆయన మిగిలింది అప్పుకు కట్టుకుంటాడని! ఆయన కట్టుకున్నాడు. తీరిపోయింది. తన పెళ్ళానికి ఈ సంగతి తెలుసునని మా నాన్నకు చనిపోయేదాకా తెలియదు.

"చెప్పింటే ఆయన తల ఎత్తుకోలేడు పాపా. దాచేవాడికి తెలియకుండా మనం కూడా దాయల్ల" అన్నది అమ్మ, మళ్ళీ తెర వైపు తిరుగుతూ.

సీరియల్లో ఏం జరుగుతుందో ఆవిడకప్పటికి తెలీదు. కానీ చెప్పింది అదే! ఆ పదహారు భాగాల కథకి గుండెకాయ సరిగ్గా అక్కడే వుంది. నడిమికి వచ్చేసరికి భార్యకు నిజం తెలిసిపోతుంది. తెలిసినా తెలియనట్టే వుంటుంది. అంతవరకు ఒకరు దాస్తున్న కథ, అక్కణ్ణించి ఇద్దరూ దాస్తున్న కథ అవుతుంది. అతను నటిస్తుంటే ఆమె నమ్మినట్టు నటిస్తుంది. సస్పెన్స్ అంటే హంతకుడెవరు అని కాదు, వీళ్ళిద్దరిలో ముందెవరు నోరు విప్పుతారు అని! అక్కడ మూన్ ఛే వన్ నటన చూడాలి. గిన్నె అందించే చేతిలో కూడా అనుమానం, ప్రేమ రెండూ కనిపిస్తాయి.

చీర తిరగేసి చూడాలి

మర్నాడు 'దురంగా' పెట్టాను. పేరుకి అర్థం 'రెండు రంగులది' అని చెప్పగానే అమ్మ ముఖం వెలిగింది. ధర్మవరం పట్టుకి పేరు తెచ్చిందే ఆ రెండు రంగుల నేత గదా! పడుగు ఒక రంగు, పేక ఇంకొక రంగు. ఇట్నుంచి చూస్తే ఎరుపు, అట్నుంచి చూస్తే నీలం. "పేరు బాగ పెట్నారు. మొగుడూ పెండ్లామూ అంటే అదేగా" అన్నది. నిజం చెప్పాలంటే మాతృక పేరుకంటే మనవాళ్ళు పెట్టిన పేరే కథకు దగ్గరగా వుంది. ఈ ఒక్క విషయంలో మార్కులన్నీ మనవే!

అయితే నాలుగు భాగాలు అయ్యాక అమ్మ అసలు మాట అనేసింది.

"తొందరెక్కువ పాపా. ఆ యమ్మికి మొగుణ్ణి చూసేకి టైమే ఇయ్యలేదు."

చీరల అంగడిలో అమ్మకొక అలవాటుంది. ఎవరెన్ని మాటలు చెప్పినా వినదు. చీర తిరగేసి చూస్తుంది. మరమగ్గం మీద దించిన నకలు పైకి అచ్చం చేనేతలాగే వుంటుంది. అదే నెమలి, అదే అంచు. చీరల్లాంటి కొన్ని రకాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో పార్లమెంటు చట్టం చేసినా, నకళ్ళ బెడద మా వూరిని వదల్లేదు. తిరగేస్తే గానీ తేడా తెలియదు. దారాలు ఎక్కడ ముడిపడ్డాయో, ఎక్కడ కత్తిరించారో వెనకవైపే చెబుతుంది.

రీమేక్‌కీ ఇదే పరీక్ష పెట్టాలని నాకు అనిపించింది. పైవైపు అంటే కథ, మలుపులు, పాత్రలు. 'దురంగా'లో అవన్నీ దాదాపు దిగాయి. వెనకవైపు అంటే, ఈ మనుషులు ఏం తింటారు, ఎవరికి భయపడతారు, ఏం మాట దాచుకుంటారు, పక్కింటివాళ్ళు ఏమనుకుంటారని కుమిలిపోతారు అన్నది. కొరియా కథలో ఒక పల్లె మొత్తం ఒక పిల్లవాణ్ణి హంతకుడని వెలివేసింది. అటువంటి వెలి మన దేశంలో ఎంత బలంగా వుంటుందో వేరే చెప్పాలా? అక్కడ మనవాళ్ళు మాతృక కంటే లోతుకు వెళ్ళగలిగేవాళ్ళు. మలుపులు అందుకోవడమే సరిపోయి, ఆ దారం అందుకోలేదు.

గుండమ్మ నుంచి బేబీ దాకా

రీమేక్ అంటే చిన్నచూపు చూసేవాళ్ళకి నేనొక సంగతి గుర్తుచేస్తాను. మనం నెత్తిన పెట్టుకునే 'గుండమ్మ కథ' 1962లో వచ్చింది. దాని మాతృక కన్నడ చిత్రం 'మనె తుంబిద హెణ్ణు', 1958లో విఠలాచార్య తీసింది. హిందూపురం దాటితే కన్నడదేశమే! కానీ సూర్యకాంతం ఒక్కసారి తెరమీద నోరు విప్పాక ఆ కథ పరాయిదని ఎవరైనా అనగలరా?

కొరియా కథే తీసుకోండి. 2014లో వచ్చిన 'మిస్ గ్రానీ' చిత్రాన్ని చైనా, వియత్నాం, జపాన్, థాయ్‌లాండ్, ఇండోనేషియా వరసగా తీసుకున్నాయి. మన నందినీ రెడ్డి 2019లో 'ఓ బేబీ'గా తీశారు. దాని మాతృక దర్శకుడు హ్వాంగ్ డాంగ్ హ్యూకే తర్వాత 'స్క్విడ్ గేమ్' తీసి ప్రపంచాన్ని వూపేశాడు. ఆ కథ 2024 డిసెంబరులో కొరియాలో టీవీ సీరియల్ కూడా అయింది. డెబ్భయ్యేళ్ళ ముసలమ్మ ఫోటో స్టూడియోకి వెళ్ళి పడుచుపిల్లై బయటికి రావడం కొరియా వూహ. కానీ లక్ష్మి నడక, కొడుకు మీద పెత్తనం, సమంత ఒంట్లో దూరిన ఆ పెద్దరికం, రాజేంద్రప్రసాద్‌తో ఆ చిన్ననాటి చనువు మన వీధిలోవే. ఆ సినిమా చూసి మా అమ్మ పడీపడీ నవ్వింది, తర్వాత కళ్ళు తుడుచుకుంది. ఇది కొరియాదమ్మా అంటే నమ్మలేదు. చూశారా, అదీ వెనకవైపు కూడా శుభ్రంగా నేసిన చీర!

బుల్లితెర మీద మాత్రం ఈ విద్య మనకింకా పూర్తిగా పట్టుబడలేదు. 2003లో కొలంబియా 'బెట్టీ'ని హిందీలో 'జస్సీ'గా మార్చినప్పుడు జనం ఆదరించారు. మధ్యతరగతి ఇల్లు, అమ్మానాన్నా, అమ్మమ్మా వుండటంతో అది మనదైపోయింది. 2023లో అమెరికా 'రే డోనవన్'ని 'రానా నాయుడు'గా తీశారు. వెంకటేష్, రానా! ఇంకేం కావాలి అని మా ఇంటిల్లిపాదీ కూచున్నాం. ఇంటిల్లిపాదీ చూసే వెంకటేష్‌కు అలవాటుపడ్డ మా అమ్మ, ఆ భాష వినలేక పది నిమిషాల్లో లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. తండ్రీకొడుకుల పగ మనకేం కొత్త కాదు. మాట తీరు మనది కాదు, అంతే.

తెలుగులో తీస్తే?

రైల్లో ఆ అమ్మాయి మళ్ళీ కనిపించింది. నా లెక్క చెప్పాను: నిడివికీ, దాంపత్యానికీ మాతృక. పేరుకీ, వేగానికీ మనది. నటనకు సరిసమానం. మొత్తం మీద మాతృకదే గెలుపు. ఆ పిల్ల వూరుకుంటుందా? "తెలుగులో తీస్తే ఎక్కడ తీయాలక్కా?" అన్నది. ముంబయి వద్దు, హైదరాబాదు వద్దు, ధర్మవరంలో తీయాలన్నాను. జాకార్డు అట్టలకి డిజైన్లు కొట్టుకునే ఒక నెమ్మదైన భర్త. పెనుకొండ స్టేషన్లో ఎస్సైగా పనిచేసే భార్య. రోజూ రైల్లో వెళ్ళి వస్తూ, ఇంట్లో వున్న మనిషిని వూరంతా వెతికే భార్య. అబ్బ, ఎంత కథ వుందండీ ఇందులో!

ఎవరైనా నిర్మాతలు ఈ వ్యాసం చదువుతుంటే మా అమ్మ పంపిన షరతు ఒకటుంది, అది కూడా రాసుకోండి. తెలుగు ప్రతి గురించి చెప్పగానే ఆవిడ కథ అడగలేదు, హీరో ఎవరని అడగలేదు.

"తీసుకోనీ పాపా. కానీ ఆ యమ్మికి తెలిసినాదని మొగుడికి బిరీన తెలియనీయొద్దని చెప్పు. ఆడనే వుండేది కతంతా" అన్నది.